గోడల మీద మన ఆడవాళ్ళు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో ఉంటూ వరంగల్, జనగామ, ములుగు, కరీంనగర్ వైపు గోడల మీద బొమ్మలు వేయడం నా పని. ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్నది ఒక్కటే: "మా ఊరి ఆడవాళ్ళ గొప్పతనం కనబడేట్టు ఒక గోడ వేసిపెట్టండి." అడిగేది బడి హెడ్మాస్టర్లు, కాలనీ సంఘాలు, మహిళా సమాఖ్యలు, అప్పుడప్పుడు వార్డు పెద్దలు. అందరి ఉద్దేశమూ మంచిదే. కానీ మొదటి మాటల్లోనే కొన్ని అపోహలు దొర్లుతుంటాయి. వాటిని పట్టుకుని పని మొదలుపెడితే గోడ నిండుతుంది గానీ, ఆ వాడ ఆడవాళ్ళు దాన్ని తమది అనుకోరు. గోడ మీద ఎవరుండాలో, ఎట్లా ఉండాలో అక్కడి ఆడవాళ్ళే తేల్చాలి, ఆ తర్వాతే రంగు డబ్బా మూత తీయాలి అని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: గోడకెక్కాలంటే ముందు చరిత్రకెక్కి ఉండాలి

ఎవరిని వేద్దాం అనగానే రుద్రమదేవి, చాకలి ఐలమ్మ, సమ్మక్క సారలమ్మ అని చకచకా చెప్పేస్తారు. చెప్పాల్సిన పేర్లే. అయితే వాళ్ళను వేయడానికి కూడా కొంత తెలుసుకోవాలి. 13వ శతాబ్దిలో ఓరుగల్లును ఏలిన రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. మగ పేరుతో, మగ పాలకుడి తీరులో రాజ్యం చేసిన మనిషి. ఆమెకు నడుము దాకా విరబోసిన జుట్టు, ఒంటినిండా నగలు పెట్టి క్యాలెండర్ దేవతలా వేస్తే ఆ కథలో ఉన్న పదునే పోతుంది. పాలకుర్తి ఐలమ్మ 1985 దాకా బతికింది. ఆమె పోరాటమంతా సాగుచేసుకున్న భూమి కోసం, చేతికొచ్చిన పంట కోసం. విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే ఆంధ్ర మహాసభ సంఘంతో కలిసి దాన్ని నిలబెట్టుకుంది. కాబట్టి ఆ బొమ్మలో ఆమె ముఖం ఎంత ముఖ్యమో వడ్ల కుప్ప కూడా అంతే ముఖ్యం. నెట్‌లో దొరికిన విగ్రహం ఫొటోను చూసి దించేస్తే అది రాదు.

మన కాలం వాళ్ళూ తక్కువేం లేరు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024లో కోబే ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్.

ఇంతమంది ఉన్నా నేను సమాఖ్య మీటింగులో కూర్చుని అడిగే ప్రశ్న వేరు. "మీ వాడల ఎవరికన్న ఆపదొస్తే ముందుగాల ఎవరి దర్వాజ కొడ్తరు?" అని అడుగుతాను. కొద్దిసేపు గుసగుసలు. తర్వాత ఒకే పేరు నాలుగు మూలల నుంచి వస్తుంది. ఒకచోట ఆశా కార్యకర్త, ఒకచోట బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మ, ఇంకోచోట రాత్రి పూట కాన్పుకు ఆటో మాట్లాడిపెట్టే బీడీ కార్మికురాలు. కొత్తవాడలో అయితే మగ్గం ముందు కూర్చున్న అక్కలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, వాటికోసం నూలు చుట్టిన ఆడవాళ్ళ ముఖాలు ఏ గోడ మీదా కనబడవు. రుద్రమ పక్కన ఆ అక్కను కూడా అదే ఎత్తులో, అదే సైజులో నిలబెట్టాలన్నది నా పట్టుదల.

అపోహ: గౌరవంగానే వేస్తున్నాం కదా, అడగడం ఎందుకు

అడగాలి, తప్పకుండా అడగాలి. ఒక ఊళ్ళో అరవై దాటిన ఒక పెద్దమ్మకు స్కెచ్ చూపిస్తే చేయి అడ్డంపెట్టి, "నా బొమ్మ గోడకెందుకే బిడ్డా, సచ్చినోళ్ళ లెక్క? నాకింకా పోయే పొద్దు రాలే" అంది. ఆమె మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మన ఊళ్ళలో మామూలు మనిషి ముఖం పెద్దదిగా కనబడేది దండేసిన ఫొటోలో, కాదంటే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో. భుజాల దాకా ఒక ముఖం, చుట్టూ పూల అంచు, వెనక లేత నీలం వేస్తే చూసేవాళ్ళకు వచ్చే ఆలోచన అదే. అందుకే మేం ముఖాన్ని ఒక్కదాన్నే వేయం. మనిషిని పని మధ్యలో వేస్తాం: తునికాకు కత్తిరిస్తూ, నాట్లేస్తూ, సంఘం లెక్కల బుక్కు మీద వేలు పెట్టి చదువుతూ. తల చుట్టూ పూలు పెట్టం. బతుకమ్మ వేయాల్సి వస్తే తంగేడు, గునుగు పూలను ఆమె చేతుల్లోనో నేల మీదో పెడతాం. ఆ పెద్దమ్మ తర్వాత తన బర్రెతో సహా వేస్తేనే ఒప్పుకుంటానంది. బర్రెను కూడా వేశాం.

అడగడమంటే ఒక కాగితం మీద సంతకం తీసుకోవడం కాదు. బొమ్మ ఎంత పెద్దగా ఉంటుందో, ఏ గోడ మీద ఉంటుందో, ఫొటోలు ఎక్కడెక్కడికి పోతాయో చదివి వినిపించాలి. మధ్యలో మనసు మారితే తీసేస్తామని ముందే చెప్పాలి, మారితే తీసేయాలి కూడా. భర్త పోయిన ఒక అక్క తన నుదుట బొట్టు పెట్టి వేయమంది. బంధువులు వద్దన్నారు. ముఖం ఆమెది కాబట్టి మాట కూడా ఆమెదే అని చెప్పి బొట్టు పెట్టాం.

ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తల్లిదండ్రులు సరేనన్నా పిల్ల తలూపకపోతే వేయకూడదు. పద్దెనిమిది నిండని పిల్ల ముఖం, పేరు, బడి పేరు మూడూ ఒకే గోడ మీద రాయకూడదు. అటుగా పోయే ప్రతి కొత్త మనిషికీ ఆ పిల్ల ఆచూకీ ఇచ్చినట్టవుతుంది. నలుగురైదుగురు పిల్లల పోలికలు కలిపి ఒక ముఖం తయారుచేస్తే బాగుంటుంది. పిల్లలు గోడ దగ్గర నిలబడి "ముక్కు నాది, జడ నీది" అని పంచుకుంటారు.

అపోహ: ఒంటి రంగు కాస్త తెల్లగా వేస్తేనే బొమ్మకు కళ

ఈ మాట మీద నాకు చాలా బాధ. అడిగేవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. దుకాణంలో "స్కిన్ కలర్" అని అమ్మే లేత గులాబీ డబ్బా మన దగ్గర ఎవరి ఒంటి రంగూ కాదు. ఎండలో నాట్లేసే మనిషి చర్మానికి నేను రెడ్ ఆక్సైడ్, పసుపు ఓకర్, కొద్దిగా ముదురు గోధుమ కలుపుతాను. నీడ పడేచోట నలుపు కలపను. నలుపు కలిపితే చర్మం బూడిద పట్టినట్టు చచ్చిపోతుంది. దానికి బదులు ముదురు నీలం చుక్క వేస్తే చామనఛాయ నిగనిగలాడుతుంది. వెలుగు పడే చెంప మీద తెలుపు కాకుండా నారింజ కలిసిన పసుపు పెట్టాలి. ఒక బడిలో ఇలా వేసిన అమ్మాయి ముఖం పక్కన తన చేయి పెట్టి చూసుకుని, "సేమ్ ఉంది" అని ఒక పాప పక్క పిల్లలందరినీ పిలిచింది. నల్లని ఆడపిల్ల ముఖం అంత పెద్దదిగా, అంత అందంగా ఆ పిల్లలు ఎక్కడ చూస్తారు? హోర్డింగుల మీద కనబడదు, టీవీలో కనబడదు. కనీసం మన గోడ మీదైనా ఉండాలి.

అపోహ: ఆడవాళ్ళ బొమ్మలు వేస్తే అక్కడ మూత్రం పోయడం ఆగుతుంది

దేవుళ్ళ టైల్స్ అంటించిన ఆలోచనే ఇది. ఆడవాళ్ళ ముఖాలను కాపలా పెట్టడానికి నేను ఒప్పుకోను. అక్కడ మరుగుదొడ్డి లేకపోతే, వీధి దీపం వెలగకపోతే ముందు అవి అడగాలి. చీకటి గల్లీలో ఎంత మంచి బొమ్మ వేసినా అటు ఆడపిల్లలు నడవరు. మేం గోడ చూడ్డానికి పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి వెళ్తాం. వెళ్ళేటప్పుడు ఆ వాడ అమ్మాయిలను వెంటబెట్టుకుని, ఎక్కడ భయమేస్తుందో వాళ్ళనే చూపించమంటాం. కొన్నిచోట్ల బొమ్మ కంటే ముందు దీపం కోసం మున్సిపాలిటీకి అర్జీ పెట్టించాం.

అపోహ: సమ్మక్క, సారలమ్మల బొమ్మ ఎట్లా వేసినా భక్తే

మేడారంలో విగ్రహాలు లేవు. రెండేళ్ళకోసారి మాఘ మాసంలో చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో కోయ పూజారులు తెచ్చి గద్దె మీద నిలుపుతారు. జనం బెల్లాన్ని బంగారమని సమర్పిస్తారు. పులి మీద కిరీటంతో కనిపించే రూపం తర్వాత అచ్చయిన పటాలది. ములుగు వైపు పని చేసేటప్పుడు కోయ పెద్దలను, ముఖ్యంగా వాళ్ళ ఆడవాళ్ళను అడగకుండా ఈ బొమ్మ జోలికి పోను. గద్దెలు, వెదురు, నెత్తిన బెల్లం ముద్దతో నడిచే తల్లులు ఉంటే చాలు, కథ అర్థమవుతుంది. కాళ్ళ ఎత్తులో, ఉమ్మి పడే గోడ మీద అయితే అవి కూడా వద్దు.

అపోహ: ఖరీదైన పెయింట్ కొంటే బొమ్మ చెక్కుచెదరదు

రంగు కంటే గోడ ముఖ్యం. కొత్త సిమెంటు ప్లాస్టరు మీద కనీసం 28 రోజులు ఆగాలి. పాత గోడ అయితే సౌడు (తెల్లటి ఉప్పు పొడి) పట్టిందేమో, లోపల చెమ్మ ఉందేమో చూడాలి. ఒక అడుగు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున లోపలివైపు నీటి చుక్కలుంటే గోడలో చెమ్మ ఉన్నట్టు. ఆ చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తుందో, మోరీ నుంచో, కారే పైపు నుంచో తేల్చకుండా ఏ రంగు వేసినా పెచ్చులూడుతుంది. ఎనామెల్ మెరుస్తుందని కొందరు అదే వేయమంటారు. అది గోడలోని తడిని బయటికి పోనివ్వదు, బొబ్బలు లేస్తాయి. బయటి గోడలకు నీటితో కలిపే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్, దానికి ముందు ప్రైమర్, అంతే.

మెరిసే గులాబీ, ఫ్లోరోసెంట్ రంగులు పడమటి ఎండకు ముందుగా వెలిసిపోతాయి. జేగురు, ఓకర్ లాంటి మట్టి రంగులు నిలబడతాయి. మన అమ్మమ్మలు గోడలకు సున్నం వేసి కింద జాజు పట్టీ పూసేవాళ్ళు కదా, అందులో పెద్ద తెలివి ఉంది. వానకు ఎగిరిన బురద ఆ ఎర్ర పట్టీ మీదే పడుతుంది. నేను ప్రతి గోడకూ కింద మూడడుగులు జాజు రంగు పట్టీ వదిలి పైన బొమ్మ మొదలుపెడతాను. ఏప్రిల్, మే నెలల్లో గోడ కాలిపోతుంటుంది, రంగు బ్రష్ మీదే ఎండుతుంది. దసరా తర్వాత నుంచి శివరాత్రి దాకా మంచి కాలం.

అపోహ: చెరియాల శైలిలో వేస్తే చాలు, లోకల్ అయిపోతుంది

చెరియాల నకాషీ పటం కులపురాణం చెప్పేవాళ్ళు జనం ముందు ఒక్కో భాగం విప్పుతూ పోయేది. ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, తెల్లమట్టి, జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద వేస్తారు. ఆ పెద్ద కళ్ళు, పసుపు ఒళ్ళు చూసి కాపీ కొట్టడం తేలిక. కథను అడ్డ వరుసలుగా నడిపే పద్ధతి మాత్రం ఈ పటాలు వేసే నకాషీ కుటుంబాల చేతుల్లోనే ఉంది. ఆ శైలి కావాలంటే నకాషీ కళాకారులను పిలవండి, కూలి లెక్కన కాకుండా డిజైన్‌కు కూడా డబ్బులివ్వండి.

అపోహ: మార్చి 8కి ఒక్కరోజులో పిల్లలతో వేయించవచ్చు

ఫొటో వస్తుంది, బొమ్మ రాదు. పిల్లలకు గళ్ళు కొట్టడం, నేపథ్యం నింపడం, ఆకులూ పూలూ వేయడం ఇవ్వవచ్చు. వాటికైనా గోడ ముందే సిద్ధమై ఉండాలి. పరంజా మీదికి మాత్రం పిల్లలను ఎక్కించకూడదు.

అపోహ: ఖాళీ గోడ కనబడితే వేసేయవచ్చు

గోడ యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. ప్రభుత్వ గోడ అయితే ఆ శాఖది. కోట గోడలు, కాకతీయుల గుళ్ళ ప్రాకారాల మీద బ్రష్ పెట్టకూడదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి.

అపోహ: ఆడవాళ్ళు టీలు ఇచ్చి, ప్రారంభానికి వస్తే చాలు

గోడ కోసం కూర్చుని కథలు చెప్పిన ఆడవాళ్ళకు ఆ పూట కూలి పోతుంది. అంచనా వేసేటప్పుడే వాళ్ళ కూలిని కూడా రాయండి. ఊళ్ళో రంగులు వేసే ఆడవాళ్ళు, ముగ్గు చేయి తిరిగిన అమ్మాయిలు తప్పకుండా ఉంటారు. వాళ్ళను జీతానికే తీసుకోండి. పని అయ్యాక వాడిన ఒక్కో రంగు పేరూ షేడ్ నంబరూ ఒక కాగితం మీద రాసి, మిగిలిన డబ్బాలు బిగించి సమాఖ్య ఆఫీసులో ఇచ్చి రండి. రెండు వానాకాలాలు పోయాక టచప్ చేయాల్సింది వాళ్ళే, ఎవరి ముఖం పక్కన ఇంకెవరిని చేర్చాలో చెప్పాల్సిందీ వాళ్ళే. అందుకే కుడివైపు చివర నాలుగడుగుల గోడను తెల్లగా వదులుతున్నాం.