విశాఖ సముద్రం నీలం కాదు: బొమ్మలు వేసేవాడికి వినపడే అపోహలు

విశాఖ తీరాన్నీ, అరకు దారిలో కొండల్నీ గీస్తుంటాను. ఉన్నదున్నట్టు కాదు, చూసినప్పుడు లోపల ఏమనిపించిందో అది కూడా కనపడేలా. ఎగ్జిబిషన్ పెట్టిన ప్రతిసారీ కొన్ని మాటలు తప్పకుండా చెవిన పడతాయి.

అపోహ: సముద్రం నీలం, కొండ ఆకుపచ్చ.

గట్టి వానలు పడ్డాక భీమిలి వెళ్లి చూడండి. గోస్తనీ నది కలిసేచోట నీళ్లు టీ రంగులో ఉంటాయి. ఆ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా ఇక్కడిదాకా వస్తుంది. అంటే ఆ రంగు కొండల మట్టే. అందుకే నా పాలెట్ మీద బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) ఒకటే ముద్ద, కొండకీ అలకీ కలిపి. ఇక దూరపు కొండలు నీలంగా ఉంటాయి, మధ్యలో ఉన్న గాలి నీలపు వెలుతుర్ని ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి. కొండ నీలంగా, సముద్రం మట్టిరంగులో వేస్తే బొమ్మ తలకిందులుగా తగిలించానా అని అడిగినవాళ్లున్నారు.

ఒకాయన ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలో మునుగుతున్నట్టు వేసిపెట్టమన్నారు. మనది తూర్పు తీరమండీ, ఇక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేచి కొండల వెనక్కి దిగుతాడు అన్నాను. "ఆర్టిస్టు కదా, కాస్త ఊహించండి" అన్నారు. రంగులు మారుస్తాను గానీ దిక్కులు ఎలా మార్చను? ఆ ఆర్డర్ పోయింది.

అపోహ: డ్రాయింగ్ రానివాళ్లే ఇలా గజిబిజిగా వేస్తారు.

అల ఒడ్డుకి దగ్గరయ్యేకొద్దీ దాని అడుగుభాగం నేల తగిలి నెమ్మదిస్తుంది, పైభాగం ముందుకు తూలుతుంది. విరిగే ముందు ఒక్క క్షణం ఆ పలచటి అంచులోంచి వెలుతురు దూరి గోలీసోడా సీసా రంగు మెరుస్తుంది. దాన్ని పాలెట్ నైఫ్‌తో (రంగు పూసే పలచటి రేకు కత్తి) ఒక్క లాగులో వేసెయ్యాలి. మళ్లీ దిద్దామా, కింద రంగు కలిసిపోయి బురదే. ఆ ఒక్క లాగు చేతికి రావడానికి యారాడ ఇసకలో కూర్చుని పెన్సిల్‌తో ఎన్ని నోట్‌బుక్కులు నింపానో లెక్కలేదు. తుపాను సముద్రాన్ని పొగలా, సుడిలా వేసిన ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ వదిలివెళ్లిన స్కెచ్‌బుక్కులు దాదాపు 300.

అపోహ: అక్కడే నిలబడి వేస్తేనే అసలు బొమ్మ.

దీనికీ టర్నర్ కథే చెబుతారు. 1842లో ప్రదర్శించిన మంచుతుపాను బొమ్మ కోసం ఓడ స్తంభానికి నాలుగు గంటలు కట్టించుకున్నాడని. అప్పటికాయనకి 67 ఏళ్లు. ఆ కథని కళాచరిత్రకారులు చాలామంది నమ్మరు.

నా సంగతంటారా, రుషికొండలో ఆయిల్ వేస్తుంటే గాలికి ఇసకంతా కాన్వాస్‌కి అంటుకుంది. గీకితే రంగు కూడా వచ్చేసింది. అరకు పొగమంచులో వాటర్ కలర్ గంటైనా ఆరదు, 300 జీఎస్ఎం మందపాటి పేపర్ అయినా సరే. అందుకని అక్కడ చిన్న స్కెచ్చులు, ఇంటికొచ్చాక పెద్ద కాన్వాస్. ఫొటో తీసుకోవడం తప్పేం కాదు గానీ ఫోన్‌లో నీడలన్నీ నల్లగా పడతాయి. కంటికి ఆ నీడలో ఊదారంగు కనపడుతుంది.

(ఖరీదైన రంగులుంటేనే బొమ్మ బాగా వస్తుందనే మాట కూడా వింటుంటాను. రంగు వెలిసిపోయే రకమా కాదా అని ట్యూబ్ మీద చూసుకుంటే చాలు. బ్రష్షు చౌకదైనా పర్వాలేదు, పేపర్ మాత్రం చౌకది వద్దు.)

ఫొటో కంటే నేను నమ్ముకునేది స్కెచ్ పక్కన గిలికే రంగుల పేర్లు. నురగ: పుల్లమజ్జిగ. దూరపు కొండ: వంకాయ తొక్క. వాన ముందు ఆకాశం: బియ్యం కడిగిన నీళ్లు. అనంతగిరి పేజీలో మాత్రం "మంచు: కుడితి" అని రాసుంది. మూడు కాన్వాసులయ్యాయి, ఆ రంగు ఇంకా కుదరలేదు.