చెట్టు కాస్తుంది, తోటను మనిషి కాస్తాడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 కిలోమీటర్లకు పైగా వీచింది. తెల్లారేసరికి ఆ తీరాన ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లు వరసకు వరస పడున్నాయి. జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి.

ఆ ఏడాది చివర్లో ఒక పల్లె క్రైస్తవ మందిరంలో కోత పండుగకి వెళ్ళాను. మామూలుగా ఆ రోజు వేదిక ముందు కొబ్బరి గెలలు, వరి పనలు, గుమ్మడికాయలు, కొత్త బియ్యం, కోళ్ళు చేరతాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ ఏడు వేదిక ముందు చాలా మటుకు ఖాళీ. ఒక ముసలాయన మాత్రం పడిపోయిన చెట్టు నుంచి కోసిన నాలుగు కాయలు గోనెసంచిలో తెచ్చి పెట్టాడు. కోత పండుగకి ఎప్పుడూ చదివేది 65వ కీర్తన: ‘సంవత్సరమును నీ దయాకిరీటము ధరింపజేసియున్నావు’. పాస్టరు అయ్యగారు ఆ పేజీ తీసి, కాసేపు ఆగి, వెనక్కి తిప్పి ఆదికాండం రెండో అధ్యాయం చదివారు. దేవుడు నరుణ్ణి ఏదెను తోటలో ఉంచింది ‘సేద్యపరచుటకును దాని కాచుటకును’ అని.

ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుంచి వచ్చిందని మా వైపు చెప్పుకుంటారు. తోట పేరు పెట్టుకున్న నేల మీద, తోట కూలిన ఏడు, ఆ వాక్యం వినడం మామూలు సంగతి కాదు. దేవుడే పోషిస్తాడని నమ్మేవాళ్ళకి, ఆ పోషణలో మనిషి పని ఏమిటన్నది ఈ మధ్య పర్యావరణం మాట వినబడ్డాక పుట్టిన ప్రశ్న అనుకుంటారు చాలామంది. కాదు. దానికి చాలా పాత చరిత్ర ఉంది. అందులో కొంత మన జిల్లాల్లోనే నడిచింది.

మొదట ఆ మాటల సంగతి. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మనుషులతో భూమిని ‘లోపరచుకొనుడి’, చేపల్నీ పక్షుల్నీ ‘ఏలుడి’ అంటాడు. రెండో అధ్యాయంలో వచ్చేది సేద్యం, కావలి. హీబ్రూలో సేద్యపరచడానికి వాడిన మాటకి సేవ చేయడం అన్న అర్థం కూడా ఉంది. కాచుటకు వాడిన మాట షామర్. ‘యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక’ అని మందిరంలో దీవెన చెబుతారే, అందులో ఉన్నదీ అదే మాట. కయీను తమ్ముణ్ణి చంపి ‘నా తమ్మునికి నేను కావలివాడనా’ అని అడిగినప్పుడు కావలివాడు అన్నది కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. అంటే దేవుడు మనల్ని ఎలా కాస్తాడో, మనం తోడబుట్టినవాణ్ణి ఎలా కాయాలో, తోటనూ అలాగే కాయాలి. తెలుగులో దీనికి ఇంకో అందం కలిసింది. చెట్టు కాస్తుంది అంటాం, మనిషి తోట కాస్తాడు అంటాం. పలకడానికి రెండూ ఒకే మాట. మొదటిది దేవుడి పోషణ, రెండోది మన పని.

చరిత్రలో రెండు అధ్యాయాలకీ సమానంగా గౌరవం దక్కలేదు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న కైసరయలో 368, 369 ప్రాంతాల్లో పెద్ద కరువొస్తే, తర్వాత అక్కడే బిషప్ అయిన బాసిల్ గాదెలు నింపుకున్నవాళ్ళని నిలబెట్టి అడిగాడు: నువ్వు దాచుకున్న రొట్టె ఆకలిగొన్నవాడిది కదా అని. 1554లో జాన్ కాల్విన్ ఆదికాండానికి వ్యాఖ్యానం రాస్తూ, పొలం ఉన్నవాడు ఏటేటా దాని ఫలం తినొచ్చు గాని నేలను పాడుచెయ్యకూడదు, తను అందుకున్నట్టే, వీలైతే ఇంకా బాగుచేసి తర్వాతివాళ్ళకి అప్పగించాలి అన్నాడు. మా తాతలు పొలం గురించి మాట్లాడిన తీరూ అదే. మధ్యలో యూరప్‌లో యంత్రాలు, వలస రాజ్యాలు పెరిగిన శతాబ్దాల్లో ‘ఏలుడి’ ముందుకొచ్చింది, ‘కాచుట’ వెనక్కిపోయింది. 1967లో అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ ‘సైన్స్’ పత్రికలో, ప్రకృతికి పట్టిన ఈ గతిలో పాశ్చాత్య క్రైస్తవ ఆలోచనకి పెద్ద వాటా ఉందని రాశాడు. ఆ మాట సంఘాలకి గట్టిగా తగిలింది. అందులో నిజమూ ఉంది. పక్షుల్ని, సూర్యుణ్ణి తోబుట్టువులుగా పిలిచిన అసిసీ ఫ్రాన్సిస్‌ని పర్యావరణవేత్తలకి ఆదర్శంగా పెట్టుకోమని చెప్పిందీ ఆ వ్యాసమే. 1979లో రెండో జాన్ పాల్ పోప్ ఆ పని చేశారు. 1983లో వాంకూవర్‌లో ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి న్యాయం, శాంతి, సృష్టి సమగ్రత మూడూ ఒకటేనని చెప్పింది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ రాసిన విశ్వలేఖ, ఏలుబడి పేరుతో భూమిని దోచుకోవడం బైబిల్‌ని తప్పుగా చదవడమేనని తేల్చింది.

మన దగ్గర కథ వేరు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళ సువార్తలు 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ సెరంపూర్‌లో ఉన్న మిషనరీ విలియం కేరీకి తోటలంటే ప్రాణం. 1820లో ఆయన వ్యవసాయ, ఉద్యాన సొసైటీ పెట్టాడు. తర్వాత ఆ శతాబ్దంలోనే శ్రీకాకుళం, విజయనగరం మిషన్ కేంద్రాలయ్యాయి. 1874లో కాకినాడ నుంచి మొదలైన కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, సోంపేటల దాకా వచ్చారు. సాలూరు వైపు జర్మనీ నుంచి లూథరన్లు వచ్చారు.

ఈ సంఘాల్లో చేరినవాళ్ళలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. వాళ్ళు కూలీలు, పాలేర్లు. మా ప్రాంతం కలిసున్న అప్పటి గంజాం జిల్లా 1866 కరువుని చూసింది. తాతల నాటి ఆకలి కథలు ఇళ్ళలో ఇంకా చెప్పుకునే రోజులవి. అలాంటివాళ్ళకి ‘భూమిని లోపరచుకొనుడి’ అన్న మాట ఏం తగులుతుంది? వాళ్ళకి తగిలింది రూతు కథ. పరాయి దేశం నుంచి వచ్చిన విధవరాలు, కోతగాళ్ళ వెనక నడుస్తూ పరిగె ఏరుకున్న మనిషి. పరిగె అన్న మాట వాళ్ళకి ఎవరూ వివరించనక్కర్లేదు. కోత అయిన మళ్ళో రాలిన వెన్నులు ఏరుకుని, దంచుకుని, గంజి కాచుకున్నవాళ్ళే వాళ్ళు. పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, పరిగె ఏరొద్దు, అది బీదలకీ పరదేశులకీ వదిలెయ్యి అని లేవీయకాండం చెబుతుంది. ఆ పుస్తకమే 25వ అధ్యాయంలో భూమిని శాశ్వతంగా అమ్మకూడదు, భూమి దేవుడిది, మీరు ఆయన దగ్గర కాపురమున్నవాళ్ళు అంటుంది. భూస్వామి కింద కాపురమున్నవాళ్ళు ఆ మాట విన్నప్పుడు, భూస్వామి కూడా కాపురమున్నవాడేనని తెలిసింది. ఇంతకంటే పెద్ద మాట మా సంఘాలు విన్నాయని నేననుకోను.

దీన్ని వాళ్ళు ఆచారంలో పెట్టుకున్నారు. మా అమ్మమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. ఆదివారానికి ఆ కుండ మందిరానికి వెళ్ళేది. ముందే ఎందుకు తీస్తావని అడిగాను ఒకసారి. ‘వండాక మిగిలితే ఇద్దామనుకుంటే ఏ రోజూ మిగలదురా’ అంది. ఆమెకి చదువు రాదు. బైబిల్లో గృహనిర్వాహకుడు అన్న మాట ఉంది. ఇల్లు తనది కాదు, తాళాలు మాత్రం తన చేతిలో ఉంటాయి. అలాంటివాడు నమ్మకంగా ఉండాలి అంటుంది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక. ఆ కుండ చూస్తే నాకు ఆ వాక్యమే గుర్తొస్తుంది.

ఈ మధ్య కాలంలో పోషణ అంటే వేరే అర్థం వినబడుతోంది. కారు, మేడ, వీసా వస్తేనే దేవుడు దీవించినట్టు అని మైకుల్లో చెబుతున్నారు. ఆ బోధ నన్ను బాధపెడుతుంది. ఎందుకంటే ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్న ప్రార్థనలో ‘నాకు’ లేదు, ‘రేపటికి’ లేదు. మాకు, నేడు, అంతే.

ఉద్దానంలో నీళ్ళ సంగతి దీనికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఏళ్ళ తరబడి ఇక్కడ కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. నీళ్ళ మీద అనుమానం ఉంది గాని, శాస్త్రవేత్తలు ఇంతవరకూ ఇదొక్కటే కారణమని తేల్చలేదు. వంశధార నీళ్ళని హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చే పథకం వచ్చింది. సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడితే 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, తర్వాత ప్లాంటు ఆగింది. అది సంఘాలు నడిపిన ఉద్యమం కాదు, ఊళ్ళు నడిపిన ఉద్యమం. కానీ బీల నీళ్ళని, చేపల్ని, పశువుల మేతని కాయడానికి లేచినవాళ్ళని చూశాక, ఆదికాండం రెండో అధ్యాయాన్ని ఆదివారం గంటన్నరకే కట్టెయ్యడం కుదరదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా వలస పక్షులు వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఊళ్ళోవాళ్ళు వాటిని అదృష్టంగా చూసుకుంటారు. ‘ఆకాశపక్షులను చూడుడి’ అన్న క్రీస్తు మాటకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మా పిల్లలకి ఎక్కడ చూపించగలను?

కొందరు వేదాంతులు గృహనిర్వాహకుడు అన్న పోలికనే తప్పుపడతారు. మేనేజరు లెక్క చూస్తాడు గాని ప్రేమించడు అంటారు. నాకైతే ‘కాచుట’ అన్న మాట చాలు. కాచేవాడు రాత్రి కూడా మేలుకునే ఉంటాడు.

తుపాను తర్వాత ఆ పల్లె మందిరం ఆవరణలో మూడు కొబ్బరి మొక్కలు నాటారు. ఒకటి పోయింది. మిగిలిన రెండింటికీ వేసవిలో బిందెలతో నీళ్ళు పోసింది, మందిరం తుడిచే ఒక కూలీ ఆవిడ. ఆవిడకి సొంత తోట లేదు. కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. మొన్నటి కోత పండుగకి ఒక చెట్టు మొదటి గెల వేసి ఉంది. దించే ముందు అయ్యగారు ఎవరినీ చెట్టెక్కనివ్వలేదు. ఆవిడ వచ్చేదాకా అందరూ ఎండలో నిలబడ్డారు.