ఆంక్షలు, సుంకాలు: మిర్యాలగూడ బియ్యం వ్యాపారంలో నేను వినే అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ మిల్లుల నుంచి బాయిల్డ్ బియ్యం కొని, కాకినాడ రేవు మీదుగా పశ్చిమ ఆఫ్రికాకు పంపడం నా పని. ఒక దేశం ఇంకో దేశం మెడలు వంచాలని చూస్తే ఆ సెగ మా బిల్లులకు తగులుతుంది. మిల్లుల దగ్గర తరచూ వినిపించే కొన్ని మాటలు సరిచేయాలని ఇది రాస్తున్నాను.

అపోహ: ఒత్తిడి పెట్టేది అమెరికా, చైనాలే. మనం పడేవాళ్లం.

వాస్తవం: 2022 నాటికి ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనవే. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపింది. ఆగస్టు 25న బాయిల్డ్ మీద 20 శాతం సుంకం వేసింది. ఇక్కడ ధరలు పెరగకూడదనే ఆ పని చేశారు. కానీ నెలాఖరుకు వచ్చిన అనుమతులు చూడండి: భూటాన్‌కు 79,000 టన్నులు, సింగపూర్‌కు 50,000, మారిషస్‌కు 14,000. అడిగిన దేశాలకు ప్రభుత్వమే లెక్కగట్టి ఇచ్చింది. అలా ఇచ్చే బియ్యం దౌత్యం కాక మరేమిటి? అప్పుడు నా మూడు లారీలు తార్పాలిన్ కప్పుకుని రేవు దగ్గరే నిలిచాయి. పాత రేటుకు ఒప్పుకున్న సరుకు, కొత్త సుంకం ఎవరు కట్టాలి? కొనే ఆయన ఫోన్‌లో ఒకటే అడిగాడు: "బస్తా ధర పెరిగితే మా ఊరివాళ్లకు ఏం చెప్పను?" నా దగ్గర జవాబు లేదు.

అపోహ: సుంకం వేస్తే అమ్మే దేశమే కడుతుంది.

వాస్తవం: 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకులు చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. కస్టమ్స్‌లో కట్టేది అక్కడి దిగుమతిదారు. రేటు తగ్గించమని ఆయన పట్టుబడితే, ఆర్డర్ రద్దు చేస్తే మనకు దెబ్బ.

అపోహ: ఆంక్షలున్నా తిండికి, మందులకు మినహాయింపు ఉంటుంది, జనానికి ఇబ్బంది లేదు.

వాస్తవం: మినహాయింపు కాగితం మీద ఉంటుంది, పని ఆగేది బ్యాంకులో. ఇరాన్ చమురుకు మనం రూపాయల్లో కట్టేవాళ్లం. యూకో బ్యాంకులో జమైన ఆ రూపాయల నుంచే మన బాస్మతి, టీ పొడి వ్యాపారులకు డబ్బు వచ్చేది. 2018 మేలో ట్రంప్ ఇరాన్ అణు ఒప్పందం నుంచి తప్పుకుని, ఆ దేశంపై మళ్లీ ఆంక్షలు పెట్టారు. 2019 మేలో మనం చమురు కొనడం ఆపేశాం. ఖాతాలోకి వచ్చేది లేదు, ఉన్నది కరిగిపోయింది. బియ్యంపై ఆంక్షే లేదు, అయినా బాస్మతి వ్యాపారుల బిల్లులు ఆగిపోయాయి. అమెరికా జరిమానాకు భయపడి, నిషేధం లేని సరుకు ఫైలు కూడా బ్యాంకులు పక్కన పెడతాయి. చివరికి ఎక్కడో ఒక ఇంట్లో మందు దొరకదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

అపోహ: గట్టిగా బిగిస్తే ఏ దేశమైనా దిగొస్తుంది.

వాస్తవం: దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోవడానికి ఆంక్షలూ ఒక కారణమే. క్యూబా మాత్రం 1962లో అమెరికా వాణిజ్యం ఆపేసినా దశాబ్దాల పాటు లొంగలేదు. మన సంగతే చూడండి. 1965-66 కరువులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ పీఎల్-480 (అమెరికా ఆహార సాయ చట్టం) గోధుమలను కొద్దికొద్దిగా వదిలారు. మన వ్యవసాయ విధానం మారాలన్నారు, వియత్నాం యుద్ధాన్ని మనం తప్పుపట్టడం కూడా ఆయనకు నచ్చలేదు. వ్యవసాయం మారింది, వియత్నాంపై మన మాట మారలేదు. వారానికి ఒక పూట భోజనం మానమన్న అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరే నాగార్జున సాగర్ ఎడమ కాలువకు పెట్టారు. ఆ గోధుమల కోసం సంచి పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లలో మా నాన్న ఒకరు. తర్వాత ఆ కాలువ కిందే ఆయన వడ్లు పండించారు.