ఖాళీ టాంకరు లెక్క: విశాఖ నుంచి చూసిన రవాణా శాస్త్రం

2021 ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకున్న ఏడు టాంకర్లతో ఒక రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. కోవిడ్ రెండో ఉద్ధృతిలో దేశంలో నడిచిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అదే. టాంకర్లు ఇక్కడివి కావు. మూడు రోజుల ముందు నవీ ముంబయి దగ్గరి కలంబోలిలో ఖాళీగా బయలుదేరి, 1,850 కిలోమీటర్లకు పైబడిన దూరాన్ని సుమారు 50 గంటల్లో దాటి విశాఖ చేరాయి. వంద టన్నులకు పైగా ఆక్సిజన్ నింపడానికి పది గంటలు పట్టగా, తిరుగు ప్రయాణంలో నాగ్‌పూర్ చేరడానికి 21 గంటలు పట్టిందని రైల్వే శాఖ ప్రకటించింది. లారీని చక్రాలతో సహా బల్లపరుపు వ్యాగన్ మీదికి ఎక్కించే ఈ పద్ధతిని రోరో అంటారు. దారిలో సొరంగాలు, రోడ్డు వంతెనలు, పైన కరెంటు తీగలు ఉంటాయి కనుక ఎత్తు చూసుకోవాలి. 1,290 మిల్లీమీటర్ల ఎత్తున్న వ్యాగన్ మీద 3,320 మిల్లీమీటర్ల ఎత్తుండే టి 1618 రకం టాంకరు ఇముడుతుందని కొలిచి తేల్చుకున్న తరువాతే, ఘాట్ మార్గాలను తప్పించి వసాయి, సూరత్, భుసావళ్ మీదుగా చుట్టు తిప్పి బండిని నడిపారు.

అప్పట్లో ఆక్సిజన్ కొరత అన్న మాట ఊరంతా వినిపించింది గానీ, తూర్పున ఉక్కు కర్మాగారాల్లో ఆక్సిజన్ తయారవుతూనే ఉంది. రోగులు ఎక్కువగా ఉన్నది పడమటా ఉత్తరానా. మధ్యలో తక్కువ పడింది అతిశీతల ద్రవాన్ని మోయగల టాంకర్లు. నైట్రోజన్, ఆర్గాన్ మోసే టాంకర్లను కూడా ఆక్సిజన్‌కు మళ్లించవలసి వచ్చింది. నింపిన టాంకరును విమానంలో తీసుకువెళ్లడం ప్రమాదకరం కాబట్టి వైమానిక దళం ఖాళీ టాంకర్లను మాత్రమే కర్మాగారాల దగ్గరికి చేరవేసి, అవి తిరిగి వెళ్లే సమయాన్ని సగం మిగిల్చింది. ఆ వారాల్లో ఒక ఆసుపత్రికి ఎంత ఆక్సిజన్ అందిందన్నది, ఖాళీ అయిన టాంకరు ఎంత తొందరగా మళ్లీ నింపే చోటికి చేరిందన్న దాని మీద ఆధారపడింది.

రవాణా శాస్త్రం మొదలైంది కూడా దాదాపు ఇలాంటి ఖాళీ బండి దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాషింగ్టన్‌లో మిత్రదేశాల నౌకలను సమన్వయం చేసే కార్యాలయంలో డచ్ ఆర్థికవేత్త చాలింగ్ కూప్‌మన్స్ పనిచేశాడు. సరుకు దించిన ఓడ అక్కడి నుంచి ఖాళీగా ఏ రేవుకు వెళితే మొత్తం ఓడలన్నిటికీ కలిపి మేలు అన్నది ఆయనకు ఎదురైన ప్రశ్న. అంతకు ముందే, 1939లో, లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కాంటొరోవిచ్ ఒక ప్లైవుడ్ సంస్థ తెచ్చిన చిన్న సమస్యను, ఏ యంత్రానికి ఏ చెక్క అప్పగించాలన్నదాన్ని, విప్పుతూ ఇదే గణితానికి చేరుకున్నాడు. ఆ సంగతి బయటి ప్రపంచానికి చాలా ఏళ్లు తెలియలేదు. 1941లో ఫ్రాంక్ హిచ్‌కాక్ అనేక గోదాముల నుంచి అనేక ఊళ్లకు సరుకు పంపే సమస్యను సూత్రబద్ధం చేశాడు. 1947లో అమెరికా వైమానిక దళంలో పనిచేస్తున్న జార్జ్ డాంజిగ్ వీటన్నిటినీ విప్పగల సింప్లెక్స్ పద్ధతిని కనిపెట్టాడు. 1975 ఆర్థికశాస్త్ర నోబెల్‌ను కాంటొరోవిచ్, కూప్‌మన్స్ పంచుకున్నారు. డాంజిగ్‌ను వదిలేశారన్న సణుగుడు గణితశాఖల్లో నేటికీ ఆగలేదు. మన దేశంలో ఈ రకం లెక్కల శాస్త్రానికి, అంటే ఆపరేషన్స్ రీసెర్చ్‌కు తొలి విభాగం 1949లో హైదరాబాద్‌లోని ప్రాంతీయ పరిశోధనశాలలో ఏర్పడింది.

ఇంత పెద్ద గణితం దేనికి, దగ్గరి ఊరికి దగ్గరి గోదాం నుంచి పంపితే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక ఊహా లెక్క చూద్దాం. రెండు గోదాములు, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క లారీ బియ్యం. రెండు ఊళ్లు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క లారీ అవసరం. మొదటి గోదాం నుంచి మొదటి ఊరు 20 కిలోమీటర్లు, రెండో ఊరు 25. రెండో గోదాం నుంచి మొదటి ఊరు 30, రెండో ఊరు 60. అన్నిటికన్నా దగ్గరిదని మొదటి గోదాం బియ్యాన్ని మొదటి ఊరికి పంపేస్తే, రెండో లారీ 60 కిలోమీటర్లు పోక తప్పదు, మొత్తం 80. మొదటి గోదాం బియ్యాన్ని కాస్త దూరమైన రెండో ఊరికే పంపితే మొత్తం 55తో ముగుస్తుంది. ఎవరి మటుకు వారు తెలివిగానే నడుచుకున్నా అందరికీ కలిపి నష్టం రావడం ఇందులోని చిక్కు. ఊళ్లూ గోదాములూ వేలల్లోకి వెళ్లినప్పుడు కంటికి కనబడకుండా దాక్కునేది ఈ 25 కిలోమీటర్ల తేడాయే.

అయితే ఇలాంటి లెక్క పట్టిక గడుల్లో కిలోమీటర్లు రాయాలో, రూపాయలు రాయాలో, గంటలు రాయాలో, ఎవరి రూపాయలు, ఎవరి గంటలు రాయాలో గణితం చెప్పదు. అడిగినవాడు చెప్పాలి. విశాఖ చుట్టుపక్కల రవాణా చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే చాలా సంగతులు విడివడతాయి.

1866 నాటి ఒరిస్సా కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఆ కరువు ఆనాటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లానూ తాకింది. ప్రభుత్వం ఆలస్యంగా తేరుకుని బియ్యం తెప్పించేసరికి నైరుతి వానలు దిగాయి, తీరంలో ఓడల నుంచి సరుకు దించడం దుస్సాధ్యమైంది. తరువాతి ఏడాది మాత్రం అవసరానికి మించి బియ్యం వచ్చి పడింది. అప్పటికి విశాఖకు కూడా ఓడ ఆనే రేవు లేదు. ఓడ సముద్రంలోనే నిలబడితే పడవలు అలలు దాటుకుంటూ సరుకు చేరవేసేవి. ఆ లోటు తీరడానికి 1933 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. ముఖద్వారంలో ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను, జానస్‌నూ వెల్లెస్డన్‌నూ, ముంచి అడ్డుగోడగా వాడుకోవడం ఆ నిర్మాణంలోని ముచ్చటైన ఉపాయం. కానీ రేవును నిర్మించిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్దేశం కరువు తీర్చడం కాదు, మధ్య పరగణాల మాంగనీసును దగ్గరి దారిన సముద్రానికి చేర్చడం. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో వేశారు. దాని వెంట అరకు ప్రయాణికులకు ఒక రైలు దక్కింది గానీ, మార్గం ఎటు పోవాలో నిర్ణయించినది ఖనిజమే. కొండ దిగే వ్యాగన్లు నిండుగా, ఎక్కే వ్యాగన్లు చాలావరకు ఖాళీగా తిరిగిన మార్గం అది.

రోడ్ల కథ ఇంకా కటువుగా ఉంటుంది. నర్సీపట్నం నుంచి గూడెం కొండల్లోకి రోడ్డు వేయించిన డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో రేగిన తిరుగుబాటుకు కారణాలలో ఒకటి. ఆ రోడ్డు మీద సర్కారు మనుషులకు ప్రయాణ కాలం తగ్గింది. రాళ్లు మోసినవారి లెక్క వేరే పుస్తకంలో ఉంది, లేదా ఏ పుస్తకంలోనూ లేదు.

స్వాతంత్య్రం తరువాత ఈ దిశ కొంత మారింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, వాడుకలో జీసీసీ, కొండల మీద రెండు పనులు కలిపి చేస్తుంది. డీఆర్ డిపోలనే తన దుకాణాల ద్వారా బియ్యం, ఉప్పు, కిరాణా సరుకులు అమ్ముతుంది; గిరిజనులు సేకరించిన చింతపండు, కొండచీపుర్లు, తేనె, కుంకుడుకాయలు కొంటుంది. షావుకారుల తూకాల నుంచి, అప్పుల నుంచి కాపాడటం దాని ప్రకటిత లక్ష్యం. రవాణా కళ్లతో చూస్తే ఇందులో మరో తెలివి దాగి ఉంది. ఘాట్ రోడ్డు మీద బియ్యం బస్తాలు మోసుకెళ్లిన లారీ ఖాళీగా దిగితే, దిగిన డీజిల్ ఖర్చును కూడా ఎక్కిన బియ్యమే భరించాలి. అదే లారీలో చింతపండు దిగితే ఖర్చు ఇద్దరి మధ్యా పంచుకుపోతుంది. కూప్‌మన్స్ ఓడల లెక్కకు పాడేరు ఘాట్‌లో జవాబు చింతపండు అన్నమాట. ఇది ఏడాది పొడుగునా కుదిరేది కాదు. చింతపండు దిగేది వేసవిలో. బియ్యం ప్రతి నెలా ఎక్కాలి, పైగా వాగులు పొంగకముందే పైన నిల్వ పెట్టుకోవాలి. కాలం కలిసిన నెలల్లో వచ్చే లాభాన్ని మిగతా నెలలకు సర్దుకునే నేర్పు ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది.

తుపాను వచ్చినప్పుడు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీద తీరం దాటిన తరువాత, నగరంలోని వీధులను కూలిన చెట్లూ కరెంటు స్తంభాలూ మూసేశాయి. ఆ వారంలో అర లీటరు పాల ప్యాకెట్ కోసం మద్దిలపాలెంలో బారులు తీరినవారిలో ఈ వ్యాసకర్త ఒకడు. పాలు ఎక్కడో తయారవుతున్నాయి, లారీలు ఉన్నాయి. చివరి రెండు కిలోమీటర్లలో ఏ చెట్టును ముందు నరకాలో తెలియక ఆగిపోయింది సరఫరా. విపత్తుల్లో లోడు ఖర్చును కొలవడం అర్థరహితం. ఎవరికి ఎంత ఆలస్యమైందన్నదే కొలవాలి.

ఎవరి ఆలస్యం అన్న ప్రశ్నను 1964లో ఎస్. ఎల్. హకీమి స్పష్టంగా విడదీశాడు. ఒక సేవాకేంద్రాన్ని అందరి సగటు దూరం తగ్గేలా పెట్టవచ్చు, లేదా అందరికన్నా దూరాన ఉన్నవారి దూరం తగ్గేలా పెట్టవచ్చు. రెండు జవాబులూ సాధారణంగా వేర్వేరు చోట్ల పడతాయి. 1974లో చర్చ్, రెవెల్ అనే ఇద్దరు, ఉన్న కొద్ది కేంద్రాలతో నిర్ణీత సమయంలో ఎక్కువ మందిని ఎలా అందుకోవాలన్న నమూనాను ఇచ్చారు. అంబులెన్సులను ఎక్కడ నిలపాలన్న ప్రశ్నకు దాన్ని విరివిగా వాడుతున్నారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఇక్కడి మైదాన ప్రాంతానికి అలవాటైపోయింది. సగటు చూసుకుంటే అదొక ఘన విజయం. పాడేరు నుంచి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంద కిలోమీటర్లకు పైమాటే; దానికన్నా ముందు, రోడ్డే లేని గూడెం నుంచి గర్భిణిని కర్రకు కట్టిన డోలీలో నలుగురు మార్చుకుంటూ మోసి రోడ్డు మీదికి తేవాలి. అంబులెన్సు వచ్చిన సమయాన్ని ఫోన్ చేసిన క్షణం నుంచి లెక్కిస్తారు. డోలీ ఎత్తిన క్షణం నుంచి లెక్కిస్తే అంకెలు వేరుగా ఉంటాయి. సాలూరులో పెట్టిన గిరిజన గర్భిణుల వసతి గృహం ఈ చిక్కును మరో వైపు నుంచి విప్పింది: నెలలు నిండకముందే తల్లిని ఆసుపత్రి దగ్గరికి తెచ్చి ఉంచితే, అర్ధరాత్రి వాహనం వెతుక్కునే పరుగే ఉండదు.

ఇక రేషన్. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి నుంచి 9,260 వాహనాలు ఇంటింటికీ బియ్యం తీసుకువెళ్లాయి. 2025 జూన్ 1 నుంచి ప్రభుత్వం వాటిని ఆపి పంపిణీని మళ్లీ చౌకధరల దుకాణాలకే అప్పగించి, 65 ఏళ్లు దాటినవారికీ దివ్యాంగులకూ మాత్రం ఇంటికే ఇచ్చే ఏర్పాటు చేసింది. రాజకీయ వాదనలు పక్కన పెడితే, ఇది కూడా దూరాన్ని ప్రభుత్వం నడవాలా, కార్డుదారు నడవాలా అన్న పాత తగవే. ఇంతలో గోదాముల మధ్య జరిగే రవాణాలో పెద్ద మార్పు వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం తన ఆహార సరఫరాను గణితంతో సర్దుకున్నందుకు 2021లో ఆపరేషన్స్ రీసెర్చ్ రంగంలో పేరున్న ఫ్రాంజ్ ఎడెల్మన్ బహుమతిని అందుకుంది. అదే సంస్థ, ఐఐటీ ఢిల్లీకి చెందిన సాంకేతిక బదిలీ సంస్థ ఎఫ్‌ఐటీటీ కలిసి రూపొందించిన 'అన్న చక్ర' సాఫ్ట్‌వేరును కేంద్రం 2024 డిసెంబర్ 5న ప్రారంభించింది. 30 రాష్ట్రాల్లో గోదాం నుంచి దుకాణం దాకా దారులను సరిచేయడం వల్ల ఏటా సుమారు 250 కోట్ల రూపాయలు మిగులుతాయని ప్రకటించింది. పైన చూసిన 80, 55ల తేడాయే దేశమంతా కూడితే ఇంత అవుతుంది.

ఈ పొదుపును తక్కువ చేయనవసరం లేదు. అయితే లారీ కిలోమీటర్లను తగ్గించడానికి అన్నిటికన్నా సులువైన ఉపాయం డిపోల సంఖ్యను తగ్గించడం అని కూడా గుర్తుంచుకోవాలి. లారీ ఆగిన చోటు నుంచి గూడెం దాకా సరుకు తల మీదా కావిడి మీదా పోతుంది, ఆ కిలోమీటర్లకు కిరాయి బిల్లు రాదు కనుక ఏ కంప్యూటరులోనూ అవి కనిపించవు. అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోల బియ్యం. కొండదారిలో ఒక్కరు ఒక్కసారికి మోయగల బరువు కాదది. ఇద్దరు రావాలి, లేదా ఒక్కరే రెండుసార్లు దిగాలి. దిగేటప్పుడు ఖాళీ చేతులు, ఎక్కేటప్పుడు బియ్యం. లారీకి పట్టిన ఖాళీ ప్రయాణమే ఇక్కడ మనిషికి పట్టింది. దీనికి సాఫ్ట్‌వేరు కూడా అక్కర్లేదు. వారపు సంత రోజున అదే ఊళ్లో డిపో కూడా తెరిచి బియ్యం తూస్తే, చీపుర్లో చింతపండో నెత్తిన పెట్టుకుని ఎలాగూ దిగివచ్చే మనిషి తిరిగి వెళ్తూ ఆ బియ్యాన్ని తీసుకుపోతాడు. అలా ఆదా అయిన రోజున కూలికి పోవచ్చు.