వేరియబుల్ ఒకటి, ఇంటర్‌ఫేస్‌లు రెండు: జావాలో అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒకే వేరియబుల్‌కి రెండు ఇంటర్‌ఫేస్‌లు (క్లాసులో ఏయే మెథడ్లు ఉండాలో చెప్పే జాబితాలు) కావాలంటే, వాటిని కలిపి మూడోది రాసుకుంటే సరిపోతుంది.

మీ సొంత క్లాసులైతే సరిపోతుంది. కానీ డేటా చదవాలి, పనయ్యాక మూసెయ్యాలి, అంటే డేటాఇన్‌పుట్, క్లోజబుల్ రెండూ కావాలనుకోండి. డేటాఇన్‌పుట్‌స్ట్రీమ్‌కీ, రాండమ్‌యాక్సెస్‌ఫైల్‌కీ ఆ రెండూ ఉన్నాయి, అయినా మీరు నిన్న రాసిన మూడో ఇంటర్‌ఫేస్ సంగతి వాటికేం తెలుసు? గో భాషలో మెథడ్లు ఉంటే చాలు, జావా మాత్రం ఇంప్లిమెంట్స్ అని పేరు రాసి ఉందా లేదా అనే చూస్తుంది. కాబట్టి మెథడ్‌ని జెనరిక్ చేసి, అంటే టైపు స్థానంలో టి అనే ఖాళీ ఉంచి, "టి ఎక్స్‌టెండ్స్ డేటాఇన్‌పుట్ & క్లోజబుల్" అని రాయాలి. 2004లో జావా 5 వచ్చినప్పటి నుంచీ ఉన్న సదుపాయమే ఇది, చాలామంది సీనియర్లు కూడా వాడరు ఎందుకో.

అపోహ: ఒక ఇంటర్‌ఫేస్‌గా తీసుకుని రెండోదానికి కాస్ట్ చేస్తే (ఇది ఆ టైపే అని మనమే కంపైలర్‌కి చెప్పేస్తే) పోలా?

నేనూ అలాగే చేశాను. కొన్నాళ్లకి ఎవరో ఆ ఆబ్జెక్ట్‌ని ఒక రాపర్‌లో, అంటే ఇంకో ఆబ్జెక్ట్‌లో చుట్టారు, దానికి క్లోజబుల్ లేదు, కంపైలర్ కిమ్మనలేదు, అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్, అంటే టైపు కుదరలేదనే ఎర్రర్. మళ్ళీ అంత టెన్షన్ నాకొద్దు.

అపోహ: & కి అటూ ఇటూ ఏది రాసినా ఒకటే.

కాదు. క్లాస్ ఉంటే అదే ముందు రావాలి, పైగా కంపైల్ అయ్యాక టి స్థానంలో మిగిలేది మొదట రాసిన టైపే. గుంపులో పెద్దదాన్ని ఇచ్చే కలెక్షన్స్.మ్యాక్స్ మెథడ్ డిక్లరేషన్ చూడండి, "ఆబ్జెక్ట్ & కంపేరబుల్" అని ఉంటుంది. ప్రతిదీ ఆబ్జెక్టే కదా, మళ్ళీ చెప్పడం దేనికి అనిపిస్తుంది. జెనరిక్స్ రాకముందు ఆ మెథడ్ ఆబ్జెక్ట్‌నే తిరిగిచ్చేది, అప్పట్లో కంపైల్ చేసిన కోడ్ విరిగిపోకుండా దాన్ని ముందు పెట్టారు.

అపోహ: ఫీల్డ్‌కి (క్లాసులో ఉండే వేరియబుల్‌కి) కూడా నేరుగా ఇలా రెండూ కలిపిన టైపు పెట్టొచ్చు.

టైప్‌స్క్రిప్ట్, స్విఫ్ట్, 2021లో వచ్చిన పీహెచ్‌పీ 8.1 ఒప్పుకుంటాయి, జావా ఒప్పుకోదు. టైపుని కంపైలరే కనుక్కునేలా జావా 10లో వచ్చిన వార్ (var) అలాంటి టైపుని పట్టుకోగలదు గానీ అది లోకల్ వేరియబుల్‌కే. అలాగని ఒక్క ఫీల్డ్ కోసం క్లాసంతా జెనరిక్ చేస్తే, దాన్ని వాడే ప్రతిచోటా ఆ టి వెంటపడుతుంది. నేనైతే ఆబ్జెక్ట్‌ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్ ఒక్కదాన్నే జెనరిక్ చేసి, వచ్చిన ఆబ్జెక్ట్‌ని రెండు ఫీల్డుల్లో పెడతాను, ఒకటి డేటాఇన్‌పుట్, ఒకటి క్లోజబుల్. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ, రెండూ ఉన్నాయో లేదో కంపైలరే చూసుకుంటోంది.