ఆయాసపడే మనిషి పొట్టలో బృహద్ధమని

చెన్నై పెరంబూరులో ఉండే మా బాబాయి మూత్రం సాఫీగా రావడం లేదని పొట్టకు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకున్నాడు. ప్రోస్టేటు సంగతి ఒక్క వాక్యంలో ముగించిన ఆ రిపోర్టు, బొడ్డుకు కాస్త పైన బృహద్ధమని, అంటే గుండె నుంచి రక్తాన్ని తెచ్చే పెద్ద నాళం, 4.2 సెంటీమీటర్ల వెడల్పున ఉబ్బి ఉందని రెండో వాక్యంలో చెప్పింది. రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఆ ముప్ఫై ఏళ్లూ సిగరెట్లు కాల్చి, రిటైరయ్యాక మానేసిన మనిషి ఆయన. రిపోర్టు చూసిన రక్తనాళాల సర్జను మొట్టమొదట అడిగింది, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని. బయటికి వచ్చాక బాబాయి, "పొట్టలో నరం సంగతి చూపించుకుందామని వస్తే ఊపిరి గురించి అడుగుతాడేమిట్రా ఈయన?" అన్నాడు.

నిజానికి అది చాలా సరైన ప్రశ్న. ఊపిరితిత్తిలోని గాలిగదుల గోడల్లోనూ, బృహద్ధమని గోడలోనూ ఎలాస్టిన్ అనే ఒకే రకం సాగుడు పోగు ఉంటుంది. పీల్చినప్పుడు సాగిన ఊపిరితిత్తి తనంతట తాను ముడుచుకుని గాలిని బయటికి పంపేది ఆ పోగుల బలంతోనే. గుండె కొట్టుకున్నప్పుడు వెడల్పైన ధమని, ఆ కొట్టుకు ఈ కొట్టుకు నడుమ తిరిగి బిగుసుకుని రక్తాన్ని ముందుకు తోసేదీ వాటి బలంతోనే. ఈ పోగుల్ని శరీరం దాదాపుగా పుట్టకముందూ బాల్యంలోనూ తయారుచేసుకుని, ఆ సరుకుతోనే జీవితమంతా నెట్టుకొస్తుంది. పాత నిక్కరులో సాగిపోయిన ఎలాస్టిక్ ఎన్నిసార్లు ఉతికి ఆరేసినా మళ్లీ బిగుసుకోనట్టే, తెగిన ఎలాస్టిన్ కూడా తిరిగి అతుక్కోదు.

దాన్ని తెంచేది మన రక్షక కణాలే. సిగరెట్టు పొగ లోపలికి వెళ్లగానే అక్కడికి చేరే తెల్లకణాలు ఎలాస్టేజ్ వంటి ఎంజైములను వదులుతాయి. వీటికి పగ్గం వేయడానికి ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీను ఉంటుంది గాని, పొగలోని రసాయనాలు దాన్నీ పనికిరాకుండా చేస్తాయి. ఆ ప్రోటీను పుట్టుకతోనే కొరవడినవారికి ఊపిరితిత్తుల గాలిగదులు చితికిపోయే ఎంఫిసీమా వస్తుందని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ గమనించినప్పటి నుంచి, ఈ కోత పగ్గాల లెక్క వైద్యులకు అర్థమవుతూ వచ్చింది. ఉబ్బిన ధమని గోడలోనూ ఇదే తరహా ఎంజైములు అతిగా పనిచేస్తూ కనిపిస్తాయి. మూత్రపిండాల రక్తనాళాలకు దిగువనున్న భాగంలో ఎలాస్టిన్ పొరలు ఛాతీలో కంటే తక్కువ, కాబట్టి ఉబ్బు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

మామూలుగా 2 సెంటీమీటర్లుండే ఆ నాళం 3 దాటితే దాన్ని ఎన్యూరిజం అంటారు. గొట్టం వెడల్పైన కొద్దీ, లోపలి ఒత్తిడి అంతే ఉన్నా గోడ మీద లాగుడు పెరుగుతుంది. గోడ పలచబడితే ఇంకా పెరుగుతుంది. ఉబ్బే ఉబ్బును పెంచుతుందన్నమాట. పగిలితే ఎక్కువమంది ఆసుపత్రి చేరకముందే పోతారు. పైపు కాల్చే అలవాటున్న ఐన్‌స్టీన్‌కు కూడా పొట్టలో ఇలాంటి ఉబ్బే ఉంటే, 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జను దాని చుట్టూ సెల్లోఫేన్ చుట్టాడు. అది ఆరేళ్లు దాటాక, 1955 ఏప్రిల్‌లో, పగిలి ఆయన ప్రాణం తీసింది.

అయితే ఊపిరితిత్తుల జబ్బు ఇందులో ముద్దాయా, లేక పొగతాగడమనే అసలు ముద్దాయి పక్కన నిలబడిన సాక్షి మాత్రమేనా? పొగ అలవాటును లెక్కలోంచి తీసేశాక కూడా కొన్ని అధ్యయనాల్లో సంబంధం మిగిలింది, మరికొన్నిటిలో పలచబడింది. నన్ను ఎక్కువ ఒప్పించింది బ్రిటన్‌లో చిన్న ఎన్యూరిజంల మీద జరిగిన పెద్ద పరీక్ష: అందులో ఊది కొలిచిన శ్వాస శక్తి తక్కువున్నవారికి ఉబ్బు పగిలే ముప్పు ఎక్కువని తేలింది. ఇంకో వింత ఏమిటంటే, గుండె నాళాలను అంతగా పాడుచేసే షుగరు వ్యాధి ఉన్నవారిలో పొట్టలోని ఈ ధమని ఉబ్బు తక్కువగా కనిపిస్తుంది. అంటే దీన్ని కొవ్వు పేరుకుని పూడుకుపోయే జబ్బుల గాటనే కట్టేస్తే కుదరదు. వంటింటి కట్టెల పొగ కూడా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది గాని, ఎన్యూరిజం విషయంలో పొగాకు మీద ఉన్నంత గట్టి సాక్ష్యం దాని మీద లేదు.

ఆ ఎంజైములను అణిచే డాక్సీసైక్లిన్ మాత్రలతో ఉబ్బును ఆపవచ్చని ఆశపడ్డారు. 2020లో వెలువడిన అమెరికా పరీక్షలో ఫలితం కనిపించలేదు. కాబట్టి మిగిలిన దారి కనిపెట్టి ఉండటమే. అమెరికాలో ఎప్పుడైనా పొగతాగిన 65-75 ఏళ్ల మగవారికి ఒక్కసారి స్కాన్ చేయమంటారు. మన దగ్గర దగ్గుతో, ఆయాసంతో ఇన్‌హేలరు పట్టుకుని తిరిగే పెద్దలకు ఛాతీ ఎక్స్‌రేలు ఎన్నో తీస్తారు గాని, పొట్ట మీద ఒక్కసారి ఆ స్కాన్ పరికరం ఆనించే ఆలోచన అరుదు. పైగా కఫం పట్టినప్పుడల్లా రాసే లీవోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్‌లను, ఎన్యూరిజం ఉన్నవారికి వేరే మందు ఉండగా వాడవద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది.

మగవారిలో 5.5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది. అక్కడ మళ్లీ ఊపిరే అడ్డు: పొట్ట కోసి చేసే శస్త్రచికిత్సను దెబ్బతిన్న ఊపిరితిత్తులు తట్టుకోవడం కష్టం కనుక, అలాంటివారికి గజ్జల్లోని నాళం గుండా స్టెంటు గొట్టాన్ని ఎక్కించే పద్ధతి వైపు మొగ్గుతారు. బాబాయి అంతదూరం రాలేదు. ఏడాది తర్వాత స్కాన్‌లో 4.3 వచ్చింది, ఆ గది బయట బెంచీ మీద కూర్చుని, పొట్టకంటిన చల్లటి జెల్ తుడుచుకుంటూ, పై ఏడాదికి కూడా అపాయింట్‌మెంట్ రాయించమన్నాడు.