కుక్క ముక్కుకు పరీక్ష పెట్టేదెలా?

1989లో లండన్‌లోని ఇద్దరు చర్మవైద్యులు లాన్సెట్ పత్రికకు ఒక ఉత్తరం రాశారు. వాళ్ల దగ్గరకు వచ్చిన ఒకావిడ కాలి మీద పుట్టుమచ్చ ఉంది. ఆమె పెంపుడు కుక్క రోజూ దాన్నే పట్టుకుని వాసన చూసేది. ఒంటి మీద వేరే మచ్చలున్నా వాటి జోలికి పోయేది కాదు. ప్యాంటు వేసుకుంటే గుడ్డ మీంచే మూతి ఆనించేది. నిక్కరు వేసుకున్న రోజు ఏకంగా ఆ మచ్చను కొరికేయబోయింది. ఇదేదో చూపించుకుందామని ఆవిడ వెళ్తే, అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది.

ఇలాంటిది వింటే ఎవరికైనా కుక్కను డాక్టర్‌ని చేసేయాలనిపిస్తుంది. కుక్కకు జబ్బు వాసన తెలుస్తుందనడంలో పెద్దగా అనుమానం లేదు. ఫలానా రోజు, ఫలానా శాంపిల్ దగ్గర అది పసిగట్టింది జబ్బునేనా, ఇంకేదైనానా అని తేల్చడంలోనే తంటా అంతా ఉంది.

ముందు ముక్కు సంగతి. వాసన గ్రహించే కణాలు మనకు 50, 60 లక్షలుంటే, కుక్కకు జాతిని బట్టి 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. లోపలి ఏర్పాటు ఇంకా చిత్రంగా ఉంటుంది. పీల్చిన గాలి రెండు పాయలుగా చీలుతుంది. ఒకటి ఊపిరితిత్తులకు, రెండోది వాసన కోసమే ఉన్న వెనక భాగానికి పోతుంది. వదిలే గాలేమో ముక్కు పక్క చీలికల్లోంచి పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. ఇక జబ్బు చేస్తే ఒంట్లో రసాయన క్రియలు మారతాయి. తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు కొన్ని ఎక్కువై, కొన్ని తక్కువై చెమటలో, ఊపిరిలో, మూత్రంలో బయటపడతాయి.

దీన్ని పద్ధతిగా పరీక్షించినవాళ్లలో మొదటివాళ్లు ఇంగ్లండ్‌లోని అమెర్‌షామ్ బృందం. 2004లో ఆరు కుక్కల ముందు ఒక్కోసారి ఏడు మూత్రం శాంపిళ్లు పెట్టారు. అందులో ఒక్కటే మూత్రాశయ క్యాన్సర్ రోగిది. 54 సార్లలో 22 సార్లు కుక్కలు సరిగ్గా పట్టుకున్నాయి, అంటే 41 శాతం. గుడ్డిగా ఎంచుకుంటే వచ్చేది 14 శాతమే. అయినా సగం కంటే ఎక్కువసార్లు తప్పాయన్నది మరిచిపోకూడదు. శిక్షణలో ఒక విచిత్రం జరిగింది. ఆరోగ్యవంతుడిదని పెట్టిన ఒక శాంపిల్ దగ్గర కుక్కలన్నీ పట్టుబట్టి ఆగిపోయాయి. ఆ మనిషిని మళ్లీ పరీక్షిస్తే కిడ్నీలో క్యాన్సర్ దొరికింది.

పేపర్లకెక్కేది ఈ విచిత్రమే. నాకు మాత్రం 2014లో ప్రొస్టేట్ క్యాన్సర్ మీద వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం ఇంతకంటే విలువైనదనిపిస్తుంది. అందులో కుక్కలు ఓడిపోయాయి. శిక్షణలో బాగా రాణించినవే, అంతకుముందు ఎన్నడూ చూడని మనుషుల మూత్రం పెట్టేసరికి తేలిపోయాయి. అవి నేర్చుకున్నది క్యాన్సర్ వాసన కాదు. ఏ శాంపిల్‌కి బిస్కెట్ వస్తుందో ఒక్కో మనిషి వాసనతో సహా బట్టీపట్టేశాయి! అంతటి జ్ఞాపకశక్తి ఉన్న జంతువుతో పరీక్ష రాయించాలంటే ప్రశ్నపత్రం ప్రతిసారీ కొత్తది కావాల్సిందే.

రెండో చిక్కు మనిషిది. 2011లో కాలిఫోర్నియాలో 18 పోలీసు కుక్కల జట్లను ఒక చర్చిలో వెతకమన్నారు. కొన్నిచోట్ల ఎర్ర కాగితం ఉంటే అక్కడ సరుకున్నట్టని కుక్కల్ని నడిపేవాళ్లకు చెప్పారు. నిజానికి అక్కడ మత్తుమందూ లేదు, పేలుడు పదార్థమూ లేదు. అయినా దొరికిందంటూ రెండు వందలకు పైగా కబుర్లు వచ్చాయి, అవీ ఎర్ర కాగితాల దగ్గరే ఎక్కువ. అందుకే జబ్బుల పరీక్షల్లో ఏ డబ్బాలో ఏముందో పక్కనున్న మనిషికి కూడా తెలియకుండా చూస్తారు.

ఈ జాగ్రత్తలతో చేసిన వాటిలో ఆఫ్రికా దేశం గాంబియాలో జరిగిన మలేరియా అధ్యయనం ఒకటి. మలేరియా పరాన్నజీవిని దోమలో రోనాల్డ్ రాస్ చూసింది 1897లో మన సికింద్రాబాద్‌లోనే. అప్పుడూ ఇప్పుడూ నిర్ధారణ అంటే సూది, రక్తం చుక్క. గాంబియాలో పిల్లలకు రాత్రి సాక్సులు తొడిగి, పొద్దున్నే విప్పి బ్రిటన్ పంపారు. పైకి ఆరోగ్యంగానే ఉన్న 175 మంది పిల్లల్లో 30 మందికి రక్తంలో మలేరియా ఉంది. ఆ 30 మందిలో దాదాపు 70 శాతాన్ని కుక్కలు పట్టాయి, లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగ్గానే వదిలేశాయి. మలేరియా ఉన్న పిల్లల వాసనకు దోమలు ఎక్కువగా వస్తాయని కెన్యాలో అంతకుముందే గమనించారు. అంటే ఈ విషయంలో దోమ ముందు, కుక్క తర్వాత!

ఈ లెక్కనే ఒక విమానాశ్రయానికి వేసి చూద్దాం. వెయ్యి మందిలో పదిమందికి మలేరియా ఉందనుకుంటే ఏడుగురు దొరుకుతారు, ఏ జబ్బూ లేని 99 మంది కూడా ఆగిపోతారు. ఇది నిర్ధారణ పరీక్షగా పనికిరాదు. కానీ వెయ్యి మందికి బదులు 106 మందికి రక్తపరీక్ష చేస్తే చాలు, దొరకని ముగ్గురి సంగతి ఒప్పుకుంటే. 2020లో హెల్సింకి విమానాశ్రయంలో కోవిడ్ కుక్కల్ని వాడిందీ ఇలాగే. ప్రయాణికుల చర్మం తుడిచిన గుడ్డను చాటున కుక్క వాసన చూసేది, అది ఆగితే తర్వాత పీసీఆర్. మరుసటి ఏడాది మన సైన్యం కూడా కాస్పర్ అనే కాకర్ స్పానియల్‌కు, జయ అనే తమిళనాడు చిప్పిపారై కుక్కకు ఇదే పని నేర్పింది.

రోజువారీ వాడకంలో మాత్రం బిస్కెట్ దగ్గర పీటముడి పడుతుంది. శిక్షణలో సరైన డబ్బా దగ్గర ఆగితే వెంటనే బహుమతి. అసలు పనిలో సరైనదేదో ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. ఇస్తే తప్పును నేర్పినట్టు కావచ్చు, ఇవ్వకపోతే కుక్కకు ఆసక్తి పోతుంది. కాబట్టి ఫలితం ముందే తెలిసిన శాంపిళ్లు మధ్యమధ్య కలుపుతూ, వాటికి మాత్రం బిస్కెట్ పెట్టాలి. ఆ శాంపిళ్లు కూడా ఎప్పటికప్పుడు కొత్త రోగుల నుంచే తేవాలి, పాతవైతే అది బట్టీపట్టేస్తుంది.